అమ్మ వదిలిపెట్టి పోయిన కన్నప్ప

అమ్మ 2023 డిసెంబరులో పోయింది. 89 ఏళ్ళు నిండాయి. దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్ళిపోయాక, నేనూ నా కూతురూ శ్రీకాళహస్తి ఇంట్లో ఆమె ట్రంకుపెట్టె తెరిచాం. చీరలు నాలుగే ఉన్నాయి. మిగతాదంతా కలంకారీ పని సామాను. పాతచీర పేలికలో చుట్టిన వెదురు కలాలు, చింతపుల్లలు కాల్చిన బొగ్గు, చిన్న గోతంలో కరక్కాయలు, పటిక గడ్డలు. అన్నిటికీ అడుగున మడత పెట్టిన ఒక గాడా గుడ్డ, ముతక నూలుది.

విప్పి నేల మీద పరిచాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మధ్యలో తిన్నడు. కాలెత్తి చెప్పుకాలి బొటనవేలితో లింగం మీద కన్ను ఉన్న చోట ఆనవాలు పెట్టుకున్నాడు. చేతిలో బాణం తన కంటి దాకా వచ్చింది. లింగంలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఆపుతోంది. చుట్టూ పద్నాలుగు గళ్ళలో మిగతా కథ. ఒక్కో గడి కింద సన్నటి పట్టీ, అందులో అమ్మ రాసిన మాటలు. ఒక మూల మా ఊరి గుడి గాలిగోపురం. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది కదా, ఆ తర్వాత అమ్మ ఏ బొమ్మ వేసినా ఎక్కడో ఒకచోట ఆ పాత గోపురం ఉండేది. ఏడంతస్తులూ లెక్క తప్పకుండా గుర్తు మీదే వేసేది. కొత్తది 2017లో లేచింది. చూసి దణ్ణం పెట్టుకుంది గానీ బొమ్మల్లోకి మాత్రం రానివ్వలేదు.

గుడ్డంతా నల్లగీతలే. రంగు ఒక్క చుక్క కూడా లేదు. ఆఖరి గడి కింద పట్టీ ఖాళీగా ఉంది. ఏడాది లోపల దీన్ని పూర్తి చేసి సంవత్సరీకం నాటికి ఇంట్లో కట్టాలని ఆ రాత్రే అనుకున్నాం. నా కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. వారం వారం బస్సెక్కి వస్తానంది. నేను 2018లో హైస్కూల్ సైన్సు టీచరుగా రిటైరయ్యాను. చేతినిండా టైమ్ ఉంది. రానిదల్లా ఈ పని. చిన్నప్పటి నుంచి కళ్ళముందే జరిగినా ఒక్కనాడూ కలం పట్టింది లేదు.

మా వీధిలో ఒక అక్క ఉంది. డెబ్బై దాటాయి. పదిహేనో ఏట నుంచి అమ్మ దగ్గరే పని నేర్చుకుంది. మేం వెళ్ళి అడిగితే గుడ్డను ముందు బోర్లా తిప్పి వెనకవైపు చూసింది. అమ్మ కూడా అంతే. ఎవరి పని చేతికిచ్చినా ముందు వెనకవైపే చూసేది. ఆ తర్వాత అక్క అంది, "నలుపు బాగా దిగింది. దీని మీద మీరు చెయ్యి పెట్టేది లేదు మే ఇప్పుడే. వేరే గుడ్డ తెచ్చుకోండి. మొదట్నించి చేసుకుంటా రండి. చేతికొచ్చినాక దీని జోలికి పోదాం." అట్లా ఐదు మీటర్ల గాడా కొన్నాం.

అమ్మ 1934లో పుట్టింది. పద్నాలుగేళ్ళకు పెళ్ళై శ్రీకాళహస్తి వచ్చింది. బడికి పోలేదు. ఊళ్ళో కలంకారీ అప్పటికే చాలావరకు ఆగిపోయింది. గుళ్ళకు తెరలు, పందిళ్ళు వేయించుకునేవాళ్ళు తగ్గిపోయి చేసేవాళ్ళు వేరే పనుల్లోకి పోయారు. చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకోవడంతో 1957లో ఊళ్ళో ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు గురువు. ఆయన కొడుకు గురప్పశెట్టి గారికే తర్వాత 2008లో పద్మశ్రీ వచ్చింది. మా నాయన ఆ కేంద్రంలో నేర్చుకున్నాడు. గీత నాయనది. గుడ్డ ఉతకడం, పాలు పెట్టడం, రంగు ఉడికించడం, ఏటికి మోయడం అమ్మది. 1971లో నాయన పోయాడు. ఒప్పుకున్న తెర ఒకటి సగంలో ఉంది, బయానా డబ్బులు ఖర్చయిపోయాయి. అమ్మ కలం పట్టుకుంది. అప్పటికి తనకు 37.

అక్షరాలు కూడా ఆమెకు అట్లాగే వచ్చాయి. మన కలంకారీలో బొమ్మ కింద కథ రాస్తారు కదా. నాయన రాసిన పట్టీల మీద చేత్తో దిద్దీ దిద్దీ నేర్చుకుంది. నేను తిరుపతి హాస్టల్లో ఉన్నప్పుడు ఉత్తరాలు రాసేది. మాటకీ మాటకీ మధ్య సందు ఉండదు, పట్టీ నింపినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా అక్షరాలు. "పాపాఅన్నంతింటున్నావా" అని. తోటి పిల్లలకు చూపించకుండా దాచుకునేదాన్ని. ఇప్పుడు ఆ కార్డుల్లో రెండే మిగిలాయి.

ముందు పాల సంగతి చెప్పాలి. గుడ్డలో గంజి పోయేదాకా నానబెట్టి ఉతికి ఆరేశాక, కరక్కాయ పొడి కలిపిన ఎనుము (గేదె) పాలలో తడిపి, పిండి, ఎండలో ఆరేయాలి. మా చిన్నప్పుడు చిక్కటి పాలు ముందు దానికే పోయేవి. మాకు నీళ్ళ మజ్జిగ. తమ్ముడు ఒకసారి ఏడ్చాడు, గుడ్డ పాలు తాగుతోంది, మాకు లేవా అని. అమ్మ ఏమీ మాట్లాడలేదు. నాకు ఆ రోజు అమ్మ మీద వచ్చిన కోపం చాలా ఏళ్ళు పోలేదు.

ఈసారి మేం ప్యాకెట్ పాలు పోసి, చాలకపోతే కాసిని నీళ్ళు కలిపాం. గుడ్డ చూడ్డానికి బాగానే ఉంది. ఆరాక దాని మీద గీత పెడితే గీత నిలబడలేదు. నూలు వెంబడి అటూ ఇటూ పాకి సాలీడు కాళ్ళలా అయింది. అక్క చూసి, "పాలు చాల్లేదు మే. కొవ్వు ఉంటేనే రంగు ఉండిన చోట ఉంటాది" అంది. మర్నాడు ఇంటికి పాలు తెచ్చే అబ్బాయిని అడిగి ఎనుము పాలు, చిక్కటివి, రెండు లీటర్లు తీసుకున్నాం. ఆ గుడ్డ మీద గీత జుట్టంత సన్నగా వచ్చింది. ఆ పాలు లేకపోతే పని లేదు, పని లేకపోతే మాకు ఆ మజ్జిగైనా లేదు. ఈ మాట అమ్మ మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఏడుస్తున్న పిల్లాడికి ఏమని చెప్తుంది?

నల్లరంగును మావైపు కసిం అంటారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం కుండలో నీళ్ళు పోసి నానేస్తారు. రెండు మూడు వారాలు పులవాలి. అమ్మ పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందే ఆ కుండ మూత తీసి వాసన చూసేది. మేం ముక్కు మూసుకునేవాళ్ళం. నేను 32 ఏళ్ళు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పాను. ఇనుము, ఆమ్లం, లవణం అని బోర్డు మీద రాశాను. ఇంట్లో కుండలో జరిగేది అదేనని, బెల్లం పులిసి పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగించుకుంటోందని, కరక్కాయలోని వగరుకు ఆ ఇనుము తగిలినప్పుడే నలుపు పుడుతుందని ఒక్కనాడూ ఆలోచించలేదు. అమ్మను అడగలేదు. అడిగుంటే కుండ ముందు కూర్చోబెట్టి చూపించేదే. ఇది మాత్రం నాకు తీరని బాధ.

మా కుండ పదహారో రోజుకు తయారైంది. పైన నురగ తీసి చూస్తే లోపల నీళ్ళు పలచటి టీ రంగులో ఉన్నాయి. నలుపు ఎక్కడుందా అనుకున్నాను. కలం ముంచి గుడ్డకు ఆనించాను. ముందు బూడిదరంగు, ఊపిరి తీసి వదిలేలోగా నీలిబూడిద, ఆపైన నలుపు. గీసినంత మేరా వెనకాలే నల్లబడుతూ వస్తోంది. నా కూతురు, "అమ్మా, మళ్ళీ గియ్యి" అంది. ఇద్దరం ఆ పూటంతా ఊరికే గీతలు గీస్తూ కూర్చున్నాం.

ఇక గీత. కలం అంటే కొస చెక్కిన వెదురు పుల్ల. కొసకు కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని రంగు తాగుతుంది. దాన్ని వేళ్ళతో నొక్కితే రంగు కొసకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు, తక్కువైతే గీత తెగుతుంది. చెయ్యి నడిచినంతసేపూ ఆ నొక్కు ఒకేలా ఉండాలి. గీత మొదలుపెట్టాక మధ్యలో ఎత్తి మళ్ళీ పెడితే అతికిన చోట ముడిలా కనబడుతుంది. దాన్ని చెరిపే దారి లేదు. గుడ్డంతా పోయినట్టే.

1974లో నా పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయి. పేపర్లో నంబరు చూసుకుని బస్టాండు దగ్గర్నుంచి ఇంటికి పరుగెత్తుకొచ్చాను. మా ఇంట్లో పది పాసైంది నేనే మొదట. అమ్మ వసారాలో గుడ్డ మీద వంగి ఉంది. "అమ్మా, పాసైనా" అన్నాను. తలెత్తలేదు. మళ్ళీ అన్నాను. ఊహూఁ. నేను లోపలికి పోయి గోడకానుకుని ఏడ్చాను. కాసేపటికి వచ్చింది. నా గడ్డం పట్టుకుంది, ఏదో అంది. నాకు ఆ మాట వినబడలేదు, వినదల్చుకోలేదు. గడ్డానికి నల్లమరక అంటిందని మాత్రం గుర్తు. ఆ తర్వాత నాకు పెళ్ళైంది, ఉద్యోగం వచ్చింది, బిడ్డ పుట్టింది. నా సంతోషాలు అమ్మకు చెప్పేటప్పుడు ఆమె చేతిలో కలం ఉందా లేదా అని చూసి చెప్పడం అలవాటైంది. మనసులో ఏదో ఒక మూల, ఈమెకు నాకంటే గుడ్డే ఎక్కువ అనేది ఉండిపోయింది.

మార్చిలో అనుకుంటా, నేను పందిరి అంచు ఒకటి వేస్తున్నాను. మూరెడు పొడుగు గీత. సగంలో ఉండగా నా కూతురు ఫోను పట్టుకుని లోపల్నుంచి వచ్చింది. "అమ్మా, నాకు ప్రమోషన్ వచ్చింది!" నాకు వినబడింది. గుండెల్లో ఎగిరినట్టైంది కూడా. కానీ వేళ్ళు ఉన్నిని నొక్కి పట్టుకుని ఉన్నాయి, కొస నడుస్తోంది. తలెత్తలేకపోయాను. గీత చివరిదాకా పోయాకే కలం తీశాను. తల తిప్పేసరికి అది గుమ్మంలో నిలబడి ఉంది. లేచి పోయి దాని మొహం రెండు చేతులతో పట్టుకున్నాను. నా చేతులకు కసిం ఉందని అప్పుడు చూసుకున్నాను. దానికి 1974 సంగతంతా కూర్చోబెట్టి చెప్పాను. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. అది నా పక్కనే కూర్చుని, "అవ్వ నీకు గీత అయిపోగానే వచ్చింది కదమ్మా" అంది. వచ్చింది. గీత అయిన వెంటనే వచ్చింది. ఆ 'కాసేపు' నిజానికి ఎంతసేపు? ఒక గీతకు పట్టే సేపు. రెండు నిమిషాలు కూడా ఉండదు.

అప్పటికి అక్క అమ్మ గుడ్డ మీద చెయ్యి పెట్టనిచ్చింది. పటిక పెట్టకముందే నలుపు పని అంతా అయిపోవాలి కాబట్టి ముందు ఖాళీ పట్టీ సంగతి చూడాలి. ఎవరు రాయాలి? నా కూతురు రాస్తానంది. ఇంగ్లిష్ మీడియం పిల్ల, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అమ్మ రాసిన మిగతా పదమూడు పట్టీల్లోంచి ఒక్కో అక్షరం ఏరుకుని, పాతగుడ్డ మీద వారం రోజులు దిద్దింది. అవ్వ దిద్దినట్టే. "శివుడుఆగుకన్నప్పాఅనెను" అని రాసింది, సందుల్లేకుండా. 'ప్ప' దగ్గర వత్తు కింద చిన్న బొట్టు పడింది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్క ఎక్కడో మూడో గడి కింద వేలు పెట్టి చూపించింది. అక్కడ అమ్మది కూడా ఒక బొట్టు ఉంది.

ఎరుపు వచ్చే చోట్లన్నీ పటిక నీళ్ళతో నింపాలి. పటికకు రంగుండదు, ఎక్కడ పెట్టామో కనబడటానికి కొద్దిగా ఏదన్నా రంగు కలుపుకుంటారు. రెండు రోజులు ఆరనిచ్చి పారే నీళ్ళలో ఉతకాలి. పారే నీళ్ళు అని అక్క నొక్కి చెప్పింది. మేం ముందు సాధన గుడ్డను ఇంట్లో టబ్బులో ఉతికాం. ఎరుపునిచ్చే మంజిష్ఠలో ఉడికించి తీసేసరికి గుడ్డంతా మచ్చలు మచ్చలుగా ఎర్రబడింది. ఎక్కువైన పటిక నీళ్ళతో కొట్టుకుపోకుండా మళ్ళీ గుడ్డకే అంటుకుంది. ఎరుపు ఎక్కడ పటిక ఉంటే అక్కడ పట్టుకుంటుంది. ఆ రోజు అమ్మ గుడ్డ కాకపోవడం మా అదృష్టం.

అమ్మ తెల్లారకముందే గుడ్డల మూట నెత్తిన పెట్టుకుని స్వర్ణముఖికి పోయేది. గుడి వెనక పారే ఏరు. నడుంలోతు నీళ్ళలో నిలబడి, గుడ్డ రెండు కొసలు పట్టుకుని ప్రవాహానికి వదిలేది. నేను గట్టున కూర్చుని చూసేదాన్ని. ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ రోజులు ఏట్లో ఇసకే. ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల ఒక రైతును అడిగాం. బోరు వేసినప్పుడు కాలవలో నీళ్ళు జోరుగా పోతాయి. "పాత గుడ్డలోళ్ళా? రాండి, రాండి" అన్నాడు. పైసా తీసుకోలేదు. వాళ్ళమ్మ కూడా వచ్చి గట్టున కూర్చుంది. నేనూ నా కూతురూ చెరో కొస పట్టుకుని కాలవలో నిలబడ్డాం. నీళ్ళు మోకాలి దాకే ఉన్నాయి. గుడ్డ నీళ్ళ మీద పరుచుకుని అలల్లో కన్నప్ప కదులుతున్నాడు. బరువు అప్పుడు తెలిసింది. తడిసిన ఆరడుగుల గుడ్డే మా ఇద్దరి భుజాలు లాగేసింది. అమ్మ ఒక్కతే పదేసి గుడ్డలు ఉతికి, తడి మూట మళ్ళీ నెత్తిన పెట్టుకుని వచ్చి, మాకు సంగటి చేసి బడికి పంపేది.

ఉడికించడం గురించి ఎక్కువ చెప్పను. రాగి అండాలో మంజిష్ఠ, చెవలకోడి వేరు వేసి, కట్టెల మంట మీద, గుడ్డ అడుగంటకుండా కర్రతో తిప్పుతూ ఉండాలి. పొగ, ఆవిరి, ఏప్రిల్ ఎండ. ఆ తర్వాత పేడనీళ్ళలో నానబెట్టి, నీళ్ళు చిలకరిస్తూ ఎండలో ఆరేస్తే బొమ్మ లేని చోటంతా తెల్లబడుతుంది. మళ్ళీ పాలు. ఆపైన కరక్కాయ పువ్వు ఉడికించిన పసుపు. నీలిమందు పని ఆఖరున. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ.

నీలం అంతా నా కూతురే పెట్టింది. కలాలు పాతవై ఉన్ని ఊడిపోతోంది, కొత్తగా చుట్టుకోవాలి. ట్రంకులో వెతికితే అమ్మ దాచిన ఉన్ని దొరికింది. దారపుండ కాదు, సగం విప్పిన చిన్న స్వెటరు. ఒక చెయ్యి, మెడ మిగిలాయి. గులాబీ రంగు. 1995 చలికాలంలో అమ్మ మొదటిసారి ఢిల్లీ పోయింది. అక్కడి చేతిపనుల బజారు ఢిల్లీ హాట్ తెరిచిన మరుసటేడు. పదిహేను రోజులు స్టాల్లో కూర్చుంది, భాష రాదు, చలి. వచ్చేటప్పుడు ఐదేళ్ళ మనవరాలికి స్వెటరు కొనుక్కొచ్చింది. శ్రీకాళహస్తి ఎండల్లో స్వెటరు ఎవరు వేసుకుంటారు? అది వేసుకుని దిగిన ఫోటో ఒకటి ఉంది, అంతే. పొట్టయ్యాక ఏమైందో మాకెవరికీ తెలీదు. ఇరవై ఏడేళ్ళుగా కొంచెం కొంచెం విప్పుకుంటూ కలాలకు చుట్టుకుందన్నమాట. ఈ కన్నప్ప గీతలన్నీ ఆ ఉన్ని తాగి వదిలిన కసింతోనే పడ్డాయి. నా కూతురు ఆ ముక్క చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత దాంట్లోంచే ఒక జానెడు విప్పి కొత్త కలానికి చుట్టింది. శివుడి చేతికి, మెడకు నీలం దాంతోనే పెట్టింది.

సంవత్సరీకం నాటికి గుడ్డ పూర్తయింది. నడవాలో తాడు కట్టి వేలాడదీశాం. నమస్కారాలు అయ్యాయి, భోజనాలు అయ్యాయి. తమ్ముడు గుడ్డ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయాడు. ఊళ్ళో అమ్మ దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ళు ఏడుగురు వచ్చారు. ఒక్కొక్కరూ ఒక్కో గీత దగ్గర ఆగి ఇది ఏ కలంతో వేసుంటుందో చెప్పుకుంటున్నారు. ఆమె కనురెప్ప గీత ఎవరికీ రాలేదనీ, కింద నుంచి పైకి తీసేదనీ చేత్తో గాల్లో గీసి చూపించారు.

అక్క అందరికంటే ఆఖరున వచ్చింది. బొమ్మ వైపు చూడలేదు. గుడ్డ అంచు పట్టుకుని వెనక్కి తిప్పింది. వెలుతురుకు పెట్టి, కింద నుంచి పై దాకా చూసుకుంటూ పోయింది. మేమిద్దరం పక్కన నిలబడి ఉన్నాం. నాకైతే పరీక్ష పేపరు దిద్దుతున్నంత టెన్షన్. నీలం దగ్గర ఆగింది.

"ఎరుపు బాగుంది. పచ్చ బాగుంది. రెండోతూరి పాలు చాల్లేదు మే. ఇదో, ఈడ చూడు, శివుడి మెడ కాడ నీలం ఇంతింత పాకింది."

నిజమే. గోటి మందాన పాకి ఉంది. ఇన్నాళ్ళూ మాకు కనబడలేదు.

"తర్వాతది యాడ మొదలుపెడతా ఉండారు?" అంది.

నేను నా కూతురి మొహం చూశాను. సాయంత్రం పాల అబ్బాయి వస్తే, రేపటికి ఎనుము పాలు మూడు లీటర్లు ఎక్కువ తెమ్మని చెప్పాను.